థాంక్స్‌గివింగ్‌కు ఇంట్లో పదిహేను మంది: ముందు పూటలు లెక్కపెట్టండి

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుని మొదలుపెడతాను. అమెరికాలోని షార్లెట్‌లో నాలుగు పడకగదులు, రెండున్నర బాత్రూములు (ఆ అరలో స్నానానికి వీలుండదు) ఉన్న ఇల్లు మీది. ఈ ఏడు అమెరికన్ల విందు పండుగ థాంక్స్‌గివింగ్‌కు, అంటే నవంబరు 26 గురువారానికి, ముందురోజు బుధవారం రాత్రి నుంచి ఆదివారం ఉదయం వరకు మీ అక్కగారి కుటుంబం నలుగురు, మీ మరిది కుటుంబం ఐదుగురు, వారితోపాటు అక్టోబరులో ఇండియా నుంచి వచ్చి మీ మరిది ఇంట్లో ఉంటున్న మీ అత్తగారు, మామగారు మీ ఇంట్లో ఉంటారు. మీ నలుగురితో కలిపి పదిహేను మంది. పిల్లలు ఆ విందుకు వండే టర్కీ పక్షి కావాలంటున్నారు, అత్తమామలు గుడ్డు కూడా ముట్టరు. ఇంతమందికి ఒక్కరే ఎలా వండాలి, ఎక్కడ పడుకోబెట్టాలి, టర్కీ సంగతి అత్తగారికి ఎలా చెప్పాలి అని అడిగారు.

సూటిగా సమాధానం చెప్పాలంటే, మీ ఇంట్లో పదిహేను మంది పడతారు. మీరు ఒక్కరే వండడం మాత్రం జరగని పని, ఆ ప్రయత్నం కూడా చేయకండి. బుధవారం రాత్రి భోజనం నుంచి ఆదివారం ఉదయం టిఫిను వరకు లెక్కవేస్తే పదకొండు పూటలు వస్తాయి. పదిహేను మందికి పదకొండు పూటలంటే 165 విస్తళ్ళు. ఆ పదకొండు పూటల్లో నాలుగు మాత్రమే మీవిగా ఉంచుకోండి. నాలుగు పూటలను వచ్చే రెండు కుటుంబాలకు పేరుపేరునా ఇప్పుడే అప్పగించండి. మిగిలిన మూడు పూటలు బయటి నుంచి తెప్పించండి. ఈ ఒక్క పంపకం ముందుగా జరిగితే తక్కినవన్నీ సర్దుకుంటాయి. జరగకపోతే మిగతా ఏర్పాట్లు ఎంత బాగున్నా శనివారానికల్లా మీరు నడుము పట్టుకుని కూర్చుంటారు.

ఇది నేను సొంతంగా దెబ్బలు తిని నేర్చుకున్న లెక్క. మేము ఒహాయోలో, కొలంబస్ పక్కన ఉంటాము. 2020 ఒక్క ఏడాది మినహా, 2008 నుంచి ప్రతి ఏడూ ఈ నాలుగు రోజులూ బంధువులు మా ఇంటికే వస్తున్నారు. నవంబరులో నాలుగో గురువారం అని 1941లో చట్టం చేసిన వారికి తెలియకపోవచ్చు కాని, అమెరికాలోని తెలుగు కుటుంబాలకు పెద్దపండుగ కళ అప్పుడే వస్తుంది. సంక్రాంతికి ఇక్కడ సెలవు లేదు, గురువారంతోపాటు శుక్రవారం కూడా సెలవిచ్చే ఉద్యోగాలు చాలా ఉన్నాయి, పిల్లలకు బళ్ళు ఉండవు. అందువల్ల వచ్చినవారు ఒక పూట తిని వెళ్ళరు, నాలుగు రాత్రులు ఉంటారు. అమెరికన్ల పత్రికల్లో, వీడియోలలో కనిపించే సలహాలన్నీ ఆ ఒక్క గురువారం విందు చుట్టూ తిరుగుతాయి. మన ఇళ్ళలో అసలు భారం ఆ విందుకు ముందూ వెనకా ఉన్న పది పూటలది.

పూటలు ఎలా పంచాలో చెబుతాను. బుధవారం రాత్రి ఎవరు ఎప్పుడు చేరుకుంటారో ఎవరూ చెప్పలేరు. విమానాలు ఆలస్యమవుతాయి, రోడ్లు నిండిపోతాయి. ఆ పూట మీదిగా ఉంచుకుని చారు, పప్పు, ఒక వేపుడు, పెరుగు సిద్ధంగా పెట్టండి. ఏడింటికి వచ్చినవారికీ, రాత్రి పదకొండున్నరకు వచ్చినవారికీ అదే అన్నం. గురువారం ఉదయం, గురువారం విందు, ఆదివారం ఉదయం కూడా మీవి. గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు విందు పెడితే ఆ రాత్రికి ఎవరికీ ఆకలి ఉండదు, మిగిలిన పులిహోర, పెరుగన్నంతో సరిపోతుంది కనుక ఆ పూటను మీ మరిదిగారికి అప్పగించండి. పేరుకు అప్పగింతే కాని, ఆయన చేయవలసింది గిన్నెలు తోమించడమే. శుక్రవారం మధ్యాహ్నం, శనివారం ఉదయం అక్కగారివి; శుక్రవారం ఉదయం మీ తోడికోడలిది. శుక్రవారం రాత్రి పిజ్జా, శనివారం మధ్యాహ్నం ఇండియన్ రెస్టారెంటు నుంచి బిర్యానీ ట్రేలు, శనివారం రాత్రి మళ్ళీ బయటిదే. ట్రేలకు రెండు వారాల ముందే ఆర్డరు ఇవ్వాలి, ఎందుకంటే మీ ఊళ్ళో ఉన్న ప్రతి తెలుగు ఇంటివారూ అదే శనివారానికి అదే ఆలోచన చేస్తారు.

"మీ పూట" అని చెప్పడం మర్యాద కాదేమో అని మీకు అనిపించవచ్చు. మొదటి మూడేళ్ళు నాకూ అలాగే అనిపించి ఎవరికీ చెప్పలేదు. ఫలితం ఏమిటంటే, ప్రతి ఒక్కరూ వంటింట్లోకి వచ్చి "ఏమైనా సాయం చేయమంటావా?" అని అడగడం, నేను "అబ్బే, అయిపోయింది వదినా" అనడం, వారు వెళ్ళిపోవడం. ఏ డబ్బా ఎక్కడుందో తెలియని మనిషికి అప్పటికప్పుడు పని చెప్పడం కంటే నేనే చేసుకోవడం తేలికనిపించేది. ముందే పూట అప్పగించినప్పుడు మా ఆడపడుచు తన మసాలా పొడులు, తన పెద్ద కుక్కరు కారులో వేసుకుని వచ్చింది. ఆ రోజు వంటింటి వైపు వెళ్ళకుండా నేను సోఫాలో కూర్చుని కాఫీ తాగాను. అయితే మీ తోడికోడలికి ఈ మాట మీరు చెప్పకండి. మీ వారిచేత వారి తమ్ముడికి చెప్పించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు.

ఉదయం టిఫినుకు దోసెలు పెట్టుకోకండి. మనిషికి మూడు చొప్పున వేసుకున్నా నలభై ఐదు దోసెలు. ఒక్కొక్కదానికి రెండు నిమిషాలైనా పెనం దగ్గర గంటన్నర నిలబడాలి. పోసే మనిషి చివర చల్లారిన చట్నీతో తింటుంది, అప్పటికి మొదట తిన్నవాడు మధ్యాహ్నం ఏమిటని అడుగుతాడు. ఇడ్లీ, ఉప్మా, పొంగలి వంటివి ఒక్కసారే దిగుతాయి. పిండి ఇంట్లోనే రుబ్బేటట్లయితే నవంబరు చలికి వంటింటి గట్టు మీద పులియదు. పొయ్యి కింది అవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా లోపల ఉంచితే పులుస్తుంది. లోపల పిండి ఉందని అవెన్ తలుపు మీద కాగితం అంటించడం మరవకండి. మా ఇంట్లో తెల్లవారుజామున ఒకరు పిల్లల కోసం ఏదో వేడి చేద్దామని అవెన్ వెలిగించి, ప్లాస్టిక్ డబ్బాతో సహా పిండిని కాల్చారు.

ఇక టర్కీ. మీ పిల్లలు అడిగారని 20 పౌండ్ల పక్షిని తేకండి. మామూలుగా మనిషికి పౌండు నుంచి పౌండున్నర వరకు లెక్క వేస్తారు, అందులో ఎముకల బరువు కూడా కలిసే ఉంటుంది. పైగా ఈ ఏడు ఆ గురువారం కార్తీక బహుళంలో వస్తోంది. మీ అత్తమామలే కాక, కార్తీకం నెల నీచు ముట్టనివారు ఇంకెవరైనా ఉన్నారేమో ముందే అడగండి. మీ పదిహేను మందిలో తినేవారు ఏడెనిమిది మంది తేలితే, వారిలో సగం పిల్లలైతే, ఎముకతో ఉన్న టర్కీ రొమ్ముభాగం ఆరేడు పౌండ్లది ఒకటి తెస్తే చాలు. నా అనుభవంలో మనవాళ్ళు టర్కీని ఫొటో తీసుకుని, ఒక ముక్క రుచి చూసి, మాంసం కూర ఎక్కడుందని వెతుకుతారు.

మొత్తం పక్షినే తెస్తామంటే రెండు అంకెలు గుర్తుంచుకోండి. గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి నాలుగైదు పౌండ్లకు ఒక పూర్తి రోజు పడుతుంది. 12 పౌండ్లదైతే మూడు రోజులు, కనుక ఆదివారం రాత్రికల్లా ఫ్రీజరు నుంచి ఫ్రిజ్‌లోకి మారాలి. ఉడికిందనడానికి గుర్తు రంగు కాదు, గడియారం కాదు; రొమ్ములోను, తొడలోను అన్నిటికంటే మందమైన చోట ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చితే 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాలి. 325 డిగ్రీల అవెన్‌లో 12 పౌండ్ల పక్షికి ఇంచుమించు మూడు గంటలు పడుతుంది, బయటికి తీశాక కోసేముందు ఇరవై నిమిషాలైనా వదిలేయాలి. కోడిని కడిగినట్టు దానిని సింకులో కడగవద్దు. ఆ తుంపరలు పక్కనున్న కూరగాయల మీద పడతాయి.

మొదటి ఏడు నాకు ఈ లెక్క తెలియదు. 18 పౌండ్ల టర్కీని మంగళవారం రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను. గురువారం ఉదయం ఐదింటికి చూస్తే పైన మెత్తగా ఉంది, పొట్టలో చెయ్యి పెడితే మంచుగడ్డ. చల్లటి నీళ్ళలో ముంచి అరగంటకొకసారి నీళ్ళు మారిస్తే త్వరగా కరుగుతుందని టర్కీ మీద అంటించిన కాగితంలో ఉంది. అంత పెద్ద గిన్నె లేక, మావారు దానిని కవరుతో సహా కింది బాత్రూములోని తొట్టిలో వేసి, నీళ్ళు నింపి, కర్టెను లాగి, కాసేపు నడుం వాల్చారు. ఆరింటికి మా అత్తగారు తలస్నానానికని వెళ్ళి కర్టెను జరిపారు. ఆ తరువాత జరిగింది రాయను. అందుకే చెబుతున్నాను, అలాంటి అవసరం వస్తే శుభ్రంగా కడిగిన ఐస్ పెట్టెను వాడండి, అది గరాజులో పెట్టండి.

టర్కీ కంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది పక్కన వచ్చే "శాకాహార" వంటకాల విషయంలో. టర్కీ పక్కన పెట్టే, రొట్టె ముక్కలతో చేసే స్టఫింగ్, గ్రేవీ చాలావరకు కోడి లేదా టర్కీ ఉడికించిన నీళ్ళతో చేస్తారు. చిలగడదుంపల మీద పరిచే మార్ష్‌మెలోలు అనే మెత్తటి తీపి బిళ్ళలలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసినది. "జెల్లో" అనే తీపి జెల్లీ సంగతీ అంతే. గుమ్మడికాయతో చేసే "పై" అనే తీపి వంటకంలో గుడ్లు ఉంటాయి, కొన్నిచోట్ల కొనే ఆ "పై" అడుగున పరిచే పిండిలో పంది కొవ్వు కూడా కలుపుతారు. గుడ్డు కూడా ముట్టని పెద్దవాళ్ళ విస్తట్లో ఇవి తెలియక వడ్డిస్తే, తరువాత తెలిసినప్పుడు వారికి కలిగే బాధ మన క్షమాపణతో పోదు. దుకాణంలో కొన్న ప్రతి డబ్బా వెనుక ఉన్న వివరాలను చదివిన తరువాతే బల్ల మీద పెట్టండి. వారి కోసం పూర్ణాలు, గుత్తివంకాయ, పులిహోర విడిగా చేస్తే సరిపోతుంది. ఆ వారం దుకాణాల్లో 12 ఔన్సుల సంచుల్లో దొరికే పచ్చి క్రాన్‌బెర్రీలతో పచ్చడి చేసి చూడండి. చింతపండు అక్కర్లేనంత పులుపు వాటికే ఉంటుంది. నూనెలో మగ్గించి, ఆవపొడి, మెంతిపొడి, కారం, కాస్త బెల్లం వేసి ఇంగువ తాలింపు పెడితే మామగారు దానిని మరో రకం ఉసిరి అనుకుంటారు. మా మామగారు అనుకున్నారు.

కార్తీకం మాట ఎత్తాను కనుక మరొకటి చెప్పాలి. 2023లో థాంక్స్‌గివింగ్ నవంబరు 23న వచ్చింది, ఆ రోజే ఉత్థాన ఏకాదశి. నేను విందుకు పదకొండు రకాలు వేసుకున్నాను, మా అత్తగారు ఉపవాసం. ఆవిడ ఉపవాసం గురించి నాకు బుధవారం రాత్రి పదింటికి తెలిసింది. శుక్రవారం తెల్లవారి ద్వాదశి పారణకు వేడి అన్నం కావాలి, అప్పటికి హాలంతా పరుపులు, వంటింట్లోకి దారి లేదు. అందుచేత విమానం టికెట్ల తేదీలతోపాటు పంచాంగం కూడా చూడండి, అదీ మీ ఊరి సమయాలతో చూడండి. కార్తీక సోమవారాలు మీ నాలుగు రోజుల్లో పడవు కాని, సాయంత్రం దీపం పెట్టుకునే అలవాటు ఉంటే గడప దగ్గర చోటు, నూనె, వత్తులు సిద్ధం చేయండి. నవంబరు చివరలో ఐదున్నరకే చీకటి పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

పడకల విషయంలో నియమం ఒక్కటే: పెద్దవాళ్ళకు బాత్రూము పక్కనున్న గది, మెట్లు ఎక్కనవసరం లేనిది. మీ కింది అంతస్తులో గది లేకపోతే మీ సొంత పడకగదిని వారికి ఇచ్చి మీరు పిల్లల గదిలోకి మారండి. పిల్లలందరినీ ఒకేచోట నేల మీద వేస్తే వారికి అదే పండుగ. గాలి పరుపుల కింద నుంచి చలి పైకి తన్నుతుంది, కాబట్టి దుప్పటి కప్పుకోవడానికి ఎంత ముఖ్యమో పరుపు మీద పరుచుకోవడానికి అంత ముఖ్యం. చోటు చాలడం లేదనిపిస్తే ఒక కుటుంబానికి దగ్గరలో హోటలు గది తీసుకోవడంలో తప్పు లేదు, అయితే "మీరు వెళ్ళండి" అని మీరు అనకూడదు. మీ అక్కను పక్కకు పిలిచి అడగండి, ఆవిడే ముందుకు వచ్చినట్టు ఉంటుంది.

పడకల కంటే బాత్రూములే ఇబ్బంది పెడతాయి. మీ రెండున్నరలో స్నానానికి పనికొచ్చేవి రెండే. 50 గాలన్ల వేడినీళ్ళ ట్యాంకు ఉన్న ఇంట్లో పది నిమిషాల షవరుకు ఇరవై గాలన్ల పైనే నీళ్ళు పోతాయి. వరుసగా ముగ్గురు చేసేసరికి నాలుగో మనిషికి చన్నీళ్ళే, ట్యాంకు మళ్ళీ కాగడానికి గంటో, కరెంటు ట్యాంకైతే ఇంకా ఎక్కువో పడుతుంది. పిల్లల స్నానాలు రాత్రికి మార్చండి, ఉదయం మొదటి నీళ్ళు పెద్దవాళ్ళకు వదిలేయండి. తొట్టిలో ఒక బకెట్టు, మగ్గు పెట్టండి. ఇండియా నుంచి వచ్చినవారికి అదే సుఖం, నీళ్ళూ నాలుగైదు గాలన్లతో సరిపోతాయి. ఇక్కడి బాత్రూము నేలలో నీళ్ళు పోయే తూము ఉండదని, కర్టెను అంచు తొట్టి లోపల ఉండాలని వారికి వచ్చినరోజే చూపించండి. మీ మరిది ఇంట్లో అలవాటయ్యే ఉంటారు, అయినా మీ ఇంటి కుళాయి ఎటు తిప్పితే వేడినీళ్ళో చూపించాలి కదా.

వంటింటి సింకుకు కూడా ఒక మాట. అమెరికాలో ప్లంబర్లకు ఏడాదిలో తీరిక లేని రోజు థాంక్స్‌గివింగ్ మరునాటి శుక్రవారం. అన్నం, ఆలుగడ్డ తొక్కలు, కూరల నూనె, టీ పొడి సింకులో తిండి చెత్తను నూరే మరలో వేసి తిప్పితే గొట్టంలో ముద్ద కడతాయి. మాకు ఒక ఏడు శుక్రవారం ఉదయం పదింటికి సింకు నిండి ఆగిపోయింది. ప్లంబరు సాయంత్రం నాలుగింటికి వచ్చి మామూలు ధరకు రెట్టింపు తీసుకున్నాడు, ఆ ఆరు గంటలూ గిన్నెలు బాత్రూములో కడిగాము. సింకు పక్కన ఒక పెద్ద చెత్తబుట్ట, విస్తళ్ళు దులపడానికి ఒక గరిటె పెట్టి, మర మీటకు టేపు అంటించేయండి. అలాగే వంటింటి గట్టు మీది ఒక 20 ఆంపియర్ల లైను 2,400 వాట్లు మోస్తుంది. వెయ్యి వాట్ల ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు కుక్కరు), 1,500 వాట్ల కెటిల్ ఒకే లైనులో ఒకేసారి పెడితే ఆ మోతాదు దాటుతుంది, బ్రేకరు పడిపోవచ్చు. అన్నం కుక్కరును భోజనాల గదిలోకి మార్చండి.

పొగ వస్తే మోగే గంట ఉదయం తాలింపుకే మోగుతుంది. దాని బ్యాటరీ తీయవద్దు, పొయ్యి మీది ఫ్యాను, కిటికీ ముందే తెరవండి; ఈ దేశంలో ఇళ్ళలో వంట వల్ల నిప్పు అంటుకునే సంఘటనలు ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఆ గురువారమే. టర్కీని నూనెలో దేవుదామని మగవాళ్ళలో ఎవరైనా అంటే, పూర్తిగా కరగని పక్షిని కాగే నూనెలో వేస్తే నూనె పొంగి మంట అంటుకుంటుందని చెప్పండి. అప్పటికీ సరదా పడితే గరాజులో కాకుండా ఇంటికి దూరంగా ఆరుబయట చేయనివ్వండి.

వండినవి రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. మనకు పులుసు పొయ్యి మీదే రాత్రంతా వదిలేసే అలవాటు ఉంది, పదిహేను మంది కడుపులతో ఆ ధైర్యం చేయకండి. పెద్ద గిన్నెను గిన్నెగా ఫ్రిజ్‌లో పెడితే మధ్యలో వేడి ఎంతకూ పోదు, కనుక లోతు తక్కువ డబ్బాల్లోకి సర్ది పెట్టాలి. మిగిలినవి మూడు నాలుగు రోజుల్లో ముగించాలి. గరాజు చల్లగా ఉందని అక్కడ కూర పెట్టేవారున్నారు. మధ్యాహ్నం ఎండకు అది నమ్మదగ్గ చల్లదనం కాదు, షార్లెట్‌లో అసలే కాదు. కొనుగోళ్ళు బుధవారం మధ్యాహ్నానికల్లా ముగించండి. కాస్ట్‌కో, వాల్‌మార్ట్, టార్గెట్ దుకాణాలు గురువారం మూసివేస్తారు. పాలు మా ఇంట్లో రోజుకు ఒక గాలను పైనే అయిపోతాయి, టీలే కారణం. పెద్దవాళ్ళ బీపీ, షుగరు మందులు ఆదివారం దాకా సరిపడా ఉన్నాయో లేదో ఆ వారం మొదట్లోనే చూసుకోండి, గురువారం చాలా మందుల దుకాణాలు మూసి ఉంటాయి లేదా పెందరాళే మూసేస్తారు.

చివరగా, టర్కీ మాట మీ అత్తగారికి ఎలా చెప్పాలన్నది. వారు వచ్చాక, వాసన వచ్చాక చెప్పకండి. ఇప్పుడే, ఫోనులోనే, మీ వారు పక్కన ఉండగా మీరే చెప్పండి. పిల్లలు అడిగారని, ఫలానా రోజు ఫలానా గంటలకు అవెన్‌లో ఉంటుందని, ఆ సమయంలో మామగారు, ఆవిడ గుడికి వెళ్ళివచ్చేటట్లు ఏర్పాటు చేస్తానని, వారి వంట ముందే ముగిసి వేరే గదిలో ఉంటుందని వివరంగా చెప్పండి. దాచడం వల్ల వచ్చే కోపమే ఎక్కువ. మా అత్తగారు ఆ స్నానాల తొట్టి సంఘటన తరువాత మరుసటి ఏడు నేను ముందే చెప్పినప్పుడు, కాసేపు మాట్లాడకుండా ఉండి, తన గిన్నెలు వేరుగా ఉంటాయా అని మాత్రమే అడిగారు. రెండు కొత్త స్టీలు గిన్నెలు, ఒక గరిటె, ఒక చిన్న కుక్కరు కొని, గరిటె పిడికి పసుపు దారం కట్టి ఆవిడకు చూపించాను. ఆ గరిటె ఇప్పటికీ మా ఇంట్లో మరే కూరలోనూ పడదు. ఏటా నవంబరులో దారం మాత్రం మారుస్తాను.